పడిన చోటే పిలవాలి

జూన్ 6

వీసై ఈ రోజు కూడా మాట్లాడలేదు.

జూన్ 7

కొండ మీద పడ్డప్పుడు తగిలిన కాలి గాయం మానింది. అత్తమ్మ పసరు కట్టు విప్పేసి, "ఇంక కాలికేం లేదు, లేచి నడు," అంది కొడుకుతో. నడిచాడు. మెట్ల దాకా నడిచి అక్కడ కూర్చుని సాయంత్రం వరకూ కొండల వైపు చూస్తూనే ఉన్నాడు. ముద్ద చేసి చేతిలో పెడితే తింటాడు. పెట్టకపోతే అడగడు.

నాతో దెబ్బలాడినా బాగుండును. ఆరేళ్ళ కాపురంలో ఈ మనిషిని నోరు ముయ్యమని నేనే ఎన్నిసార్లు అన్నానో! ఇప్పుడు ఇంట్లో ఒక చోట కూర్చోలేను, పడుకోలేను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. కోళ్ళకి రెండుసార్లు గింజలు వేశాను. అవి కూడా నన్ను వింతగా చూశాయి.

ఒంటి మీద జలగల మచ్చలు మాత్రం ఇంకా మానలేదు. మెడ దగ్గర్నుంచి పాదాల దాకా ఉన్నాయి. అత్తమ్మ వాటిని వేళ్ళతో తడిమి, "ఇన్ని పట్టాయంటే వీడు చాలాసేపు తడిలో పడి ఉన్నాడే," అంది. పాపం, ఆమెకి చూపు ఆనదు.

చూపు ఆనదు కాబట్టే ఇది రాసుకోగలుగుతున్నాను. వీసైకి చదువు రాదు. ఈ ఇంట్లో ఎవరిని ఏమని రాసినా అడిగేవాళ్ళు లేరు.

జూన్ 8

సంత. వాన. నా తమ్ముడు కొంగ్ తెల్లారకముందే కొండ ఎలకల్ని, ఖన్యూలని తెచ్చి బల్ల కింద పడేసి పోయాడు. ఇదివరకు బావా బావమరిదీ కలిసి రాతిగుట్టల్లో ఉచ్చులు పెట్టేవాళ్ళు. ఇప్పుడు వీడొక్కడే. "బావకెలా ఉంది?" అని కూడా అడగలేదు. కుర్రతనం.

బొచ్చు కాల్చి, వెదురు పుల్లలకి గుచ్చి, అరిటాకు కింద దాచాను. సంత మొదట్లో అటవీ ఆఫీసు వాళ్ళు ఖన్యూ బొమ్మ వేసి, దాని మీద ఎర్ర గీత కొట్టి అంటించారు. ఆ బొమ్మ కిందే నిలబడి జనం నన్ను ఖన్యూ ఉందా అని అడుగుతారు.

పక్క బల్ల కెయో పెద్దమ్మ నత్తలు కడుగుతూ, "ఏమే ఒన్సీ, మీ ఆయన నోరు తెరిచాడా?" అంది.

"లేదు పెద్దమ్మా."

"ఎలా తెరుస్తాడు? ఒళ్ళు ఇంటికొచ్చింది, లోపలి జీవం, ఖ్వన్ రాలేదు. భయపడినప్పుడు ఒంట్లోంచి జారిపోయి కొండ మీదే ఏ రాయినో పట్టుకుని కూర్చుని ఉంటుంది. వెళ్ళి వలతో ఎత్తుకురావాలి. నువ్విక్కడ కూర్చుని ఎలకలు కాల్చుకుంటుంటే దానంతటదే బస్సెక్కి వస్తుందా?"

"అత్తమ్మ కొండ ఎక్కలేదు. నేను చెయ్యొచ్చా?"

"పెళ్ళానివి, నువ్వు కాకపోతే నేనా? సరిగ్గా వాడు పడిన చోటే పిలవాలి, తెలుసుగా. పక్క బండ మీద పిలిస్తే పక్కవాళ్ళది వస్తుంది. అప్పుడు వాళ్ళ వేషాలన్నీ నువ్వు భరించాలి."

పెద్దమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు గానీ చేతుల్లోకి కొంచెం బలం వచ్చింది. చెయ్యడానికి ఒక పని దొరికింది.

జూన్ 9

కొంగ్‌ని పిలిపించాను. మెట్లెక్కి పైకి రాలేదు, ఇంటి కిందే నిలబడ్డాడు.

"బావ ఎక్కడ పడ్డాడ్రా, సరిగ్గా చెప్పు."

"తెల్ల బండ దగ్గర. పొద్దున్నే. కాలు జారింది. వెంటనే భుజాన వేసుకొచ్చేశాను కదక్కా."

ఇదంతా నా కోడిపెట్టని చూస్తూ చెప్పాడు. పైన మెట్టు మీద కూర్చున్న వీసై కళ్ళు మూసుకున్నాడు. ఎండ పడి ఉంటుంది. మబ్బు పట్టి ఉంది గానీ, మబ్బులో కూడా ఒక్కోసారి ఎండ పొడుస్తుంది.

జూన్ 11

నిన్న సాయంత్రం అయింది. రాయడానికి ఇప్పుడు తీరింది.

చేపల చేతివల, వీసై చొక్కా, ఉడికించిన గుడ్డు, జిగురన్నం ముద్ద, అరటిపండు పట్టుకుని బయల్దేరాను. కొంగ్ ముందు నడిచాడు. తెల్ల బండ దగ్గర చెప్పులు విప్పి, చొక్కా వలలో పరిచి, పైన అన్నం పెట్టి, గాలిని తోడుతూ పిలిచాను.

"రావే ఖ్వన్, రా! రాళ్ళ మధ్య ఉండకు, చెట్ల కింద ఉండకు. నీ చాప పరిచి ఉంది, నీ బువ్వ పెట్టి ఉంది, ఇంటికి రా!"

పిలిచినప్పుడల్లా తోడు వచ్చినవాళ్ళు "వస్తోంది, వస్తోంది" అనాలి. కొంగ్ నోట మాట రాలేదు. "అనరా!" అని కసిరితే ఏదో గొణిగాడు.

అప్పుడు రాతి చీలికలోంచి ఖన్యూ ఒకటి బయటికొచ్చింది. నల్లగా, బొద్దుగా, ఉడుత తోక వేసుకుని, బాతులా అటూ ఇటూ ఊగుతూ తిన్నగా నడిచి వచ్చి వలలో కూర్చుంది. ముద్దని వాసన చూసింది. నన్ను చూసింది. పారిపోలేదు. ఖన్యూలు మామూలుగానే పారిపోవు, అందుకే మా బల్లల మీదికొస్తాయి. కానీ వలలోకి దానంతటది నడిచొచ్చిన దాన్ని ఏమనుకోవాలి? ఏడ్చేశాను.

దారిలో మాట్లాడకూడదు, వల వంచకూడదు. చేతులు పడిపోతున్నా అలాగే మోసుకొచ్చాను. మెట్ల కింద నిలబడి, "ఖ్వన్ వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది, వచ్చింది!" అంది అత్తమ్మ పైనుంచి.

ఖ్వన్ మళ్ళీ జారిపోకుండా వీసై చేతికి తెల్ల దారాలు కట్టాం. కొంగ్ దారం కట్టకుండానే వెళ్ళిపోయాడు. ఖన్యూని కోడిపిల్లల బుట్టలో పెట్టాను. వీసై దాన్ని చాలాసేపు చూశాడు. ముఖంలో ఏదో కదిలింది. కదిలిందనే అనుకుంటున్నాను.

తెల్ల బండంతా ఒట్టి కాళ్ళతో తిరిగాను, ఒక్క జలగా పట్టలేదు. వానాకాలంలో వింతే.

జూన్ 12

బాగున్నాడు. నీళ్ళ గిన్నె తనే అందుకున్నాడు.

పొద్దు గూకే వేళ పెరట్లోంచి "వీసై!" అని పిలిచాను, పలుకుతాడేమోనని. అత్తమ్మ పైనుంచి అరిచింది. "నీకేమైనా పిచ్చా? చీకటి పడే వేళ పేరు పెట్టి పిలుస్తావేమిటే! అడవిలో తిరిగేవి వింటాయి. రేపు నీ గొంతుతో అవే పిలుస్తాయి. పలికినవాణ్ణి పట్టుకుపోతాయి." నిజమే, నాదే తప్పు. చిన్నప్పుడు కొంగ్‌కీ నాకూ అమ్మ ఇదే నేర్పింది. పేరు వినబడితే నోరు నొక్కుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళం.

జూన్ 14

బుట్టని సంతకి తీసుకెళ్తున్నాను. ఇంట్లో వదిలితే అత్తమ్మ చూసుకోక కూర వండేస్తుందని భయం. ఖన్యూలు అమ్మడం మానేశాను. కొంగ్ తెచ్చినవి వెనక్కిచ్చేశాను. పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు అమ్ముతున్నాను. ఎవరూ కొనడం లేదు.

ఈ రోజు తెల్లాయన ఒకడొచ్చాడు, వెంట రాజధాని వియంతియాన్ నుంచి ఒక పిల్ల మాటలు మార్చి చెప్పడానికి. మొదట ఎవరి బల్ల మీదో కాల్చిన ఖన్యూని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నా బుట్టలో ప్రాణంతో ఉన్నదాన్ని చూసి బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంతకన్నా అరుదైన జంతువు ఎక్కడా లేదట.

"దీన్ని ఎందుకు పెంచుతున్నారని అడుగుతున్నారు," అంది ఆ పిల్ల.

నేను నోరు తెరిచేలోపు కెయో పెద్దమ్మ, "అది దీని మొగుడు," అంది.

ఆ పిల్ల ఎలా మార్చి చెప్పిందో ఏమో, ఆయన బుట్టకి చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. సంతంతా ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వి, బుట్ట మీద గుడ్డ కప్పేశాను. నా ఇంటి మనిషిని ఎవరో ఫోటో తీస్తున్నట్టు అనిపించింది.

జూన్ 15

బాగున్నాడు.

జూన్ 16

బాగున్నాడు. అన్నం వదిలేశాడు గానీ, ఉక్కగా ఉంది కదా, నేనూ సరిగా తినలేదు.

జూన్ 17

ఖన్యూ మాత్రం బాగా తింటోంది. లేత ఆకులు, గింజలు ఏది పెట్టినా ఖాళీ. లావెక్కుతోంది. ఇది తింటే ఆయనకి బలం రావాలి కదా. వీసై మాత్రం చిక్కిపోతున్నాడు. ఇవాళ అతని మణికట్టు పట్టుకుని చూశాను, కట్టిన దారాలు వదులయ్యాయి.

భయంగా ఉంది. పొద్దున్నుంచీ ఏటికీ ఇంటికీ ఊరికే తిరుగుతున్నాను. వీసై లేకపోతే నేనేం చేస్తాను? మనిషి ఎదురుగా కూర్చునే ఉన్నాడు, నేను లేకపోతే అని రాస్తున్నాను!

జూన్ 19

పరువు పోయింది.

పొద్దున్న ఖన్యూ బద్ధకంగా పడుకుని ఉంటే కెయో పెద్దమ్మ బుట్టలో చెయ్యి పెట్టి, దాని పొట్ట నొక్కి చూసింది. ఒక్క క్షణం ఆగి, సంత ఆ చివరికి వినబడేలా, "ఒన్సీ! నీ మొగుడు కడుపుతో ఉన్నాడే!" అంది.

కప్పలమ్మే ఆమె నవ్వు ఆపుకోలేక తట్ట వదిలేసింది. కప్పలన్నీ నలువైపులా గెంతాయి, వాటి వెనక జనం. ఈ గోల అంతా అయ్యే దాకా నేను తలెత్తలేదు. ఆరేళ్ళకి మా ఇంట్లో ఒకరికి కడుపొచ్చింది. అదీ బుట్టలో.

సంత సర్దుకునేటప్పుడు పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. ఇప్పుడు వేళాకోళం లేదు.

"కోపం వచ్చిందా?"

"రాదా మరి?"

"రానీ. కానీ విను. పడిపోయిన మగాడి ఖ్వన్ కడుపుతో ఉన్న తల్లిలా రాదు. ఇది పాపం దాని తిండి కోసం దాని దారిన వచ్చింది, నువ్వు ఎత్తుకొచ్చావు. నువ్వు తప్పు చోట వల పెట్టావే. ఆ చోటు ఎవరు చూపించారు?"

"కొంగ్."

పెద్దమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె తిట్టినా నాకు బాగుండేది.

జూన్ 20

కొంగ్ చోటు మార్చి చెప్పాడంటే దానికి కారణం ఉండే ఉంటుంది. పైన నీళ్ళ గుహ వైపు ఉచ్చులు పెట్టకూడదు, అడవి గార్డులు పట్టుకుంటారు. గార్డులకి భయపడి ఉంటాడు. అంతే. చిన్నప్పుడు జ్వరం వస్తే నా వీపు మీదే నిద్రపోయిన పిల్లాడు, నాకెందుకు అబద్ధం చెప్తాడు?

జూన్ 21

వీసై ముందు కూర్చుని అడిగాను. "ఎక్కడ పడ్డావు? నోటితో వద్దు, చేత్తో చూపించు."

చాలాసేపటికి చెయ్యెత్తాడు. తెల్ల బండ వైపు కాదు. పైకి, నీళ్ళ గుహ వైపు. చెయ్యి వణుకుతోంది కాబట్టి ఎటు చూపించిందో చెప్పలేం అని రాయబోయాను. రాయను. వణికింది, కానీ అటే చూపించింది.

నీళ్ళ గుహ దగ్గర రాళ్ళ నిండా నాచు. ఆ చీలికల్లో ఎప్పుడూ తడే. జలగలు అక్కడే ఉంటాయి. నాకిది ఎప్పట్నుంచి తెలుసు? కట్టు విప్పిన రోజే తెలుసు. అత్తమ్మకి చూపు లేదు గానీ వేళ్ళున్నాయి. నాకు కళ్ళుండీ, మబ్బులో ఎండ పొడిచిందని రాసుకున్నాను.

జూన్ 22

కొంగ్ ఏటి ఒడ్డున వెదురు చీలుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"కూర్చో," అన్నాను. "నీళ్ళ గుహ దగ్గర ఏం జరిగింది?"

"గుహా? అక్కడికెందుకెళ్తాం అక్కా, గార్డులు..."

"నేను గార్డుని కాను. నీ అక్కని."

కత్తి కింద పెట్టాడు. చెప్పాడు, నీళ్ళ వైపు చూస్తూ. ఉచ్చులు పెట్టేసరికి చీకటి పడిపోయిందట. వాన. వీసై ఇంకొకటి పెట్టి వస్తానని పైకి వెళ్ళాడు. రాళ్ళు దొర్లిన చప్పుడు. తర్వాత ఏమీ వినబడలేదు. అప్పుడు కింద ఎక్కడి నుంచో పిలుపు.

"కొంగ్, కొంగ్ అని. బావ గొంతే అక్కా. కానీ నేల లోంచి వస్తున్నట్టు ఉంది. చీకట్లో పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు కదా? అమ్మ చెప్పింది కదా? నువ్వు కూడా చెప్పావు కదా?"

"చెప్పాను."

"అది బావ కాదనుకున్నాను. బావ గొంతుతో ఇంకేదో పిలుస్తోందనుకున్నాను. నోరు నొక్కుకుని పరుగెత్తాను."

"తెల్లారి?"

"తెల్లారి వెళ్ళాను. చీలికలో ఉన్నాడు. అప్పటికి పిలవడం మానేశాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు చీల్చిన వెదురంతా తీసి ఏట్లో పారేశాను. "అది దెయ్యం అనుకున్నావా, దెయ్యం అయితే బాగుండునని అనుకున్నావా?" అని అరిచాను.

వాడు వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తూ, "తెలీదక్కా. పరుగెత్తేటప్పుడు దెయ్యమనే అనుకున్నాను. ఇంటికొచ్చి చాప మీద పడుకున్నాక కాదనిపించింది. అప్పుడు కూడా లేవలేదు," అన్నాడు.

అది విన్నాక ఇంక కొట్టడానికి చెయ్యి రాలేదు. దగ్గరికి తీసుకోవడానికీ రాలేదు. ఇంటికొచ్చేశాను.

వీసై ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడు తెలుస్తోంది. విప్పితే నాతోనే చెప్పాలి, నా తమ్ముడి గురించి చెప్పాలి. అరిచి అరిచి ఎవరూ పలక్కపోతే పిలవడం మానేశాడు. ఇంటికొచ్చాకా పిలవాలనిపించలేదు.

జూన్ 23

కొంగ్‌కి అన్నం పంపలేదు. నేనూ తినలేదు. ఆ ముద్దలు కోళ్ళు తిన్నాయి.

జూన్ 25

నిన్న మళ్ళీ వెళ్ళాం. కొంగ్‌ని నేనే లాక్కుపోయాను. "ఈసారి వల నువ్వు పట్టుకో. పిలిచేది నువ్వే," అన్నాను. పెళ్ళాం పిలవాలి కదా అని వాడు నసిగితే, "బావ పిలిచింది నన్నా, నిన్నా?" అన్నాను. వాడు వల అందుకున్నాడు.

ఖన్యూని కూడా తీసుకెళ్ళాను. తెల్ల బండ దగ్గర, ఎత్తుకొచ్చిన చోటే, బుట్ట తెరిచాను. అది పొట్ట ఈడ్చుకుంటూ, ఏ తొందరా లేకుండా, మమ్మల్నసలు లెక్కే చెయ్యకుండా చీలికలోకి వెళ్ళిపోయింది. దానికి పిల్ల పుట్టేదాకా ఎవరూ ఇటు ఉచ్చు పెట్టకూడదని మొక్కుకున్నాను. ఎవరికి మొక్కుకున్నానో తెలియదు, పెట్టేది కూడా మా ఇంటివాళ్ళే.

నీళ్ళ గుహ చేరేసరికి పొద్దు వాలింది. అడుగు పెట్టగానే పాదాలకి జలగలు. చీలిక లోతుగా, ఇరుగ్గా ఉంది. అందులోకి తొంగిచూసి, మా ఆయన అక్కడ ఒంటరిగా పడి ఉండటం తలచుకున్నాను. కొంగ్ చొక్కా పరిచాడు, అన్నం పెట్టాడు. చీలికలోకి వల దించాడు.

"రా బావా," అన్నాడు.

"అలా కాదు. గట్టిగా."

"రా బావా! ఖ్వన్ రా! తడిలో ఉండకు, చీకట్లో ఉండకు. నేనొచ్చాను బావా, కొంగ్‌ని. నేనొచ్చాను!"

"వస్తోంది, వస్తోంది," అన్నాను నేను.

వలలోకి ఈసారి ఏమీ రాలేదు. పురుగు కూడా రాలేదు. కొంగ్ నావైపు చూశాడు. నేను నడవమన్నట్టు తలూపాను. ఖాళీ వలని వాడు దారంతా రెండు చేతులతో, నిండు కుండలా మోసుకొచ్చాడు.

మెట్ల కింద ఆగాం. దాదాపు చీకటి పడిపోయింది. పైన దీపం పక్కన అత్తమ్మ, గుమ్మంలో వీసై. కొంగ్ "ఖ్వన్ వచ్చిందా?" అని అడగాలి. వాడు నోరు తెరిచాడు, ఆ మాట రాలేదు. దాని బదులు పేరు పెట్టి పిలిచేశాడు.

"వీసై బావా!"

అత్తమ్మ ఉలిక్కిపడింది. తిట్టబోయి ఆగింది. వీసై కదల్లేదు. చీకటి వేళ పేరు పెట్టి పిలిస్తే ఎవరూ పలకరు. అది మా అందరికీ తెలుసు.

"వీసై బావా," అన్నాడు కొంగ్ మళ్ళీ. ఈసారి ఏడుస్తూ.

"ఓయ్," అన్నాడు వీసై.

గొంతు బొంగురుపోయి, తుప్పు పట్టినట్టు ఉంది. మా ఆయన గొంతే. తర్వాత మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "పలికాను కదరా. చూడు, ఏమీ కాలేదు. పైకి రా," అన్నాడు.

కొంగ్ పైకి రాలేకపోయాడు. వల ఒళ్ళో పెట్టుకుని కింది మెట్టు మీదే కూలబడ్డాడు. వీసై గోడ పట్టుకుని లేచాడు. నీరసంగా ఒక్కో మెట్టే దిగాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. వచ్చి వాడి పక్కన కూర్చుని, వలలోంచి గుడ్డు తీసి, పెంకు ఒలిచి, సగం వాడి చేతిలో పెట్టాడు.